గుండ్రటి ఫ్రేములో బాపు

చౌటుప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో నేను పనిచేస్తాను. హాజరు పట్టీలు, బస్సుల రూట్లు, తల్లిదండ్రుల ఫోన్లు, పిల్లలకు జ్వరం వస్తే ఇంటికి కబురు చెయ్యడం అన్నీ నా బల్ల దగ్గరే. లాక్‌డౌన్ ముగిసి బడి మళ్ళీ తెరిచేసరికి పిల్లలు బాగా తగ్గిపోయారు. మనం కూడా పోస్టర్లు చేసి వాట్సాప్‌లో పెట్టకపోతే ఉన్న పిల్లలు కూడా పక్క స్కూలుకు పోతారని ప్రిన్సిపల్ మేడం బెంగ పెట్టుకుంది. ఆ పని ఎవరికీ రాదు కాబట్టి నా నెత్తిన పడింది.

ఒక మధ్యాహ్నం కంప్యూటర్ సార్ నా పక్కన కుర్చీ వేసుకుని, ఇంటర్నెట్‌లోనే డిజైన్లు చేసుకునే ఒక సైటు తెరిచి చూపించాడు. ఫోన్‌లో కూడా అదే పని చేస్తుంది. అందులో ఫ్రేములని కొన్ని ఆకారాలుంటాయి. గుండ్రటివి, గుండె బొమ్మలు, నక్షత్రాలు, పూరేకులు, అక్షరాలు. ఫొటోను లాక్కొచ్చి ఫ్రేము మీద వదిలితే అది లోపలికి జారి ఆ ఆకారంలో ఒదిగిపోతుంది. దీన్ని మాస్కింగ్ అంటారట.

"కట్ చేస్తున్నమనుకోకుండ్రి మేడం. ఏం కట్ గాదు. మీద గుడ్డ కప్పినట్టన్నట్టు. గా బొమ్మ మీద రెండుసార్లు నొక్కి సూడుండ్రి, మొత్తం ఫొటో మళ్ళ కనవడ్తది," అన్నాడు సార్.

నొక్కాను. నిజమే. నక్షత్రంలో నవ్వుతున్న మూడో తరగతి పాప చుట్టూ, మసగ్గా, ఆ పాప నిలబడిన వరండా, పక్కనున్న ఇంకో పిల్ల భుజం, గోడ మీద ఎక్కాల పట్టిక బయటికొచ్చాయి. బయట నొక్కితే మళ్ళీ దాక్కున్నాయి. నాకు భలే సరదా పుట్టింది. ఆ వారమంతా పని అయిపోయాక కూడా కూర్చుని దాంతోనే ఆడుకున్నాను. స్కూలు పేరులోని ఒక్కో అక్షరంలో ఒక్కో తరగతి పిల్లల ముఖాలు నింపి చేసిన పోస్టరు చూసి మేడం స్టాఫ్ అందరినీ పిలిచి చూపించింది.

ఆ తర్వాత మా కాలనీలో ఎవరింట్లో ఏం జరిగినా నా ఫోన్ మోగేది. పుట్టినరోజైతే పాప ముఖం గుండెలో. పెండ్లిరోజైతే మొగుడూ పెళ్ళాల ముఖాలు రెండు ఆకుల్లో. ఎవరైనా చనిపోతే గుండ్రటి ఫ్రేము. ఆ గుండ్రానికి అంచులు మసకబారి మబ్బులో కలిసిపోయేట్టు చెయ్యడం నాకు బాగా చేతనయింది. ముఖం ఆకాశంలోంచి చూస్తున్నట్టుంటుంది. అందరూ అదే అడిగేవారు. చర్చిలో వాళ్ళకైతే కింద తెల్ల లిల్లీ పూలు, మిగతావాళ్ళకు అటొక దీపం ఇటొక దీపం. చచ్చిపోయిన మనిషి ఫొటో పాతదైనా, మురికిదైనా, ఎవరి భుజం వెనకో సగం దాక్కున్నా, గుండ్రంలో పెట్టేసరికి ఒక మర్యాద వచ్చేది.

మా బాపుది, అంటే మా నాన్నది, కేతేపల్లి దగ్గరి పల్లె. మా వాళ్ళకు గుంట భూమి లేదు. పెండ్లయిన కొత్తలో బాపు ఊరి రైతుల కల్లాల దగ్గర వడ్లకు కాపలా ఉండేవాడు. తర్వాత చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీలు వచ్చాక అమ్మను, నన్ను తీసుకుని ఇటు వచ్చి ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. మనిషి ఎత్తరి. మాట తక్కువ. ఖాకీ చొక్కా వేసుకుని, భుజాన తువ్వాల వేసుకుంటే తప్ప గడప దాటేవాడు కాదు. కొలువు మానేసి ఇంటి పట్టున ఉండడం మొదలయ్యాక కూడా అంతే.

మతిమరుపు ఎప్పుడు మొదలైందో మాకు సరిగ్గా తెలియదు. అమ్మ దాన్ని దాచిపెట్టింది. బాపు అన్నం తిన్నాక మళ్ళీ పళ్ళెం ముందు కూర్చుంటే, "ఇయ్యాల ఆకలెక్కువైంది మీ బాపుకు," అని మరో ముద్ద పెట్టేది. ఒకసారి నన్ను "అక్కా" అని పిలిచాడు. నేను ఆయన ముఖంలోకి చూస్తుంటే అమ్మ పక్కనుంచి, "నిద్రమబ్బుల ఉన్నడు," అంది. నల్గొండలో పెద్ద డాక్టరుకు చూపిస్తే, వయసుతో వచ్చే మతిమరుపని, ఒంటరిగా బయటికి పంపొద్దని చెప్పాడు. మాత్రలు రాసిచ్చాడు. మేము సరే అన్నాం గానీ, వీధి చివర దాకా పోయి వచ్చే మనిషిని గొలుసేసి కట్టెయ్యలేం కదా అనుకున్నాం. అప్పటికి నాకు పెండ్లయి, మా ఆయనా నేనూ అమ్మా బాపూ అందరం ఒకే కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు.

ఎండాకాలం, యాసంగి వరి కోతలు ముమ్మరంగా నడుస్తున్న రోజులు. ఆ పొద్దున నేను స్కూల్లో బస్సుల వివరాలు చూస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా ఆమె ఫోన్ చేస్తే ముందు "తిన్నవా" అంటుంది. ఆ రోజు అనలేదు.

"మీ బాపు కనవడ్తలేడే. నల్లా కాడికి పోయొచ్చే వరకు లేడు. ఖాకీ అంగి ఏసుకుండు. దండెం మీద లేదు."

"గల్లీ చివరికి పోయిండేమో అమ్మా."

"నేను రెండు గల్లీలు తిరిగొచ్చినంకనే నీకు ఫోన్ చేస్తున్న బిడ్డా."

మేడంతో చెప్పి, మా ఆయనకు ఫోన్ చేసి బయటపడ్డాను. మొదట బాపు పనిచేసిన ఫ్యాక్టరీ గేటుకు పోయాం. అక్కడ ఇప్పుడున్న కుర్రవాడు మా బాపును ఎరగనే ఎరగడు. బస్టాండులో అడిగాం. చర్చి దగ్గర, కల్లు కాంపౌండు దగ్గర, మందుల షాపు దగ్గర అడిగాం. నేను మా ఆయన బండి వెనక కూర్చుని హైవే పొడుగునా రెండు వైపులా చూస్తూ పోయాను. హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి ఎట్లా పోతాయో చౌటుప్పల్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. డివైడరు పక్కన ఏదైనా గుడ్డ పడి ఉంటే చాలు, బండి ఆపమనేదాన్ని. దగ్గరికి పోతే సిమెంటు సంచో, ఎవరో పారేసిన దుప్పటో అయి ఉండేది. ఊపిరి తీసుకునేలోపు దూరంగా ఇంకోటి కనిపించేది.

ఎండ నడినెత్తికొచ్చేసరికి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. అక్కడున్న కానిస్టేబుల్ మంచివాడే. కుర్చీ చూపించి, వివరాలు రాసుకున్నాడు.

"జర సాఫ్‌గ ఉన్న ఫొటో ఒకటి పంపమ్మా. అన్ని గ్రూపులల్ల ఏస్తం. ఇయ్యాల రేపు గ్రూపులల్లనే దొరుకుతున్రు మనుషులు."

నా ఫోన్ తెరిచాను. అందులో కాలనీ పిల్లలందరి ఫొటోలున్నాయి. చచ్చిపోయిన ముసలివాళ్ళ ఫొటోలున్నాయి. మా బాపుది సరైన ఫొటో ఒక్కటి లేదు. ఫోన్ ఎత్తితే చాలు, ముఖం పక్కకు తిప్పుకునే మనిషి. అన్నిట్లోనూ ఒక చెవి, ఒక భుజం, లేదా కదిలిపోయిన ముఖం. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. మా చిన్నమ్మ కొడుకు పెండ్లిలో, ఫంక్షన్ హాలు తెల్లగోడ ముందు, బాపు, అమ్మ పక్కపక్కన నిలబడి ఉన్నారు. అమ్మ చెయ్యి బాపు మోచేతి మీద ఉంది. ఆ రోజు ఆయన తెల్ల చొక్కా వేసుకున్నాడు, భుజం మీద తువ్వాల. ఒక్క క్షణం మరిచిపోయి నేరుగా ఫోన్‌లోకి చూశాడు.

స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఫోన్‌లోనే పోస్టరు మొదలుపెట్టాను. పని తెలిసిన వేళ్ళు, వాటంతటవే కదిలాయి. అమ్మను పక్కకు తప్పించి బాపు ఒక్కణ్ణే ఉంచాలి. వెనకనున్నది తీసేసే మీట నొక్కాను. తెల్లగోడ, తెల్లచొక్కా, తెల్ల తువ్వాల. ఏది గోడో ఏది మనిషో దానికి తెలియలేదు. గోడతో పాటు తువ్వాలను, ఒక భుజాన్ని కూడా తినేసింది. అంచులు ఎలుకలు కొరికినట్టయ్యాయి. ఆ కొరుకుడు కనిపించకుండా ముఖం వరకు గుండ్రటి ఫ్రేములో పెట్టి, అంచులు మసక చేశాను. పైన "కనబడుట లేదు" అని, కింద వయసు, మా ఊరు, మా ఆయన ఫోన్ నంబరు, నా నంబరు రాశాను. కానిస్టేబుల్‌కు పంపాను. స్కూలు గ్రూపు, కాలనీ గ్రూపు, చర్చి గ్రూపు, మా చుట్టాల గ్రూపు అన్నిట్లో పెట్టాను.

కాసేపటికే ఫోన్ కొట్టుకోవడం మొదలైంది. ప్రతిసారీ బాపు కబురే అనుకునేదాన్ని. తెరిచి చూస్తే చేతులు జోడించిన బొమ్మలు. ఒకటి కింద ఒకటి. "ఓం శాంతి." "వారి ఆత్మకు శాంతి కలుగుగాక." "చాలా మంచి మనిషి." మొదట నాకు అర్థం కాలేదు. ఎవరి గురించి అనుకున్నాను. ఎవరో పెద్దాయన నేరుగా నాకే రాశాడు: "ఎప్పుడు జరిగిందమ్మా? మట్టి ఎప్పుడు?"

గ్రూపులోకి పోయి నేను పంపినదాన్ని నేనే చూశాను. వాట్సాప్‌లో బొమ్మ తెరవకముందు నడిమి భాగమే కనిపిస్తుంది. పైన రాసిన మాటలు, కింద రాసిన నంబర్లు కనిపించవు. నడుమ మా బాపు ముఖం ఒక్కటే, గుండ్రంగా, మబ్బులో కలిసిపోతూ.  కళ్ళు మూసుకున్నా అదే కనిపించింది.

అంతలో కేతేపల్లి నుంచి మా మేనత్త ఫోన్. ఎత్తగానే ఏడుపు.

"అన్నా, నన్నిడిసిపెట్టి పోతివా అన్నా! ఎట్లయిందే బిడ్డా? లారీ గుద్దిందా?"

"లేదత్తా, బాపుకేం గాలె. తప్పిపోయిండు. ఆడికేమన్న వచ్చిండేమో ఊర్ల సూడుండ్రి."

"మరి గట్ల మబ్బులల్ల పెట్టినవేందే!"

ఆమెను నమ్మించడానికి చాలాసేపు పట్టింది. నమ్మిందో లేదో తెలియదు. చావు కబురు ఆడవాళ్ళకు మెల్లిగా చెబుతారు కదా, అట్లా నేను దాస్తున్నాననుకుంది.

ఇంటికి పోయేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. ఇంట్లో ఉన్నది మీటల ఫోను, అందులో వాట్సాప్ లేదు. పక్కింటావిడ తన ఫోన్‌లో పోస్టరు చూపించి ఓదార్చిందట. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"నీకు చేతులెట్లొచ్చినయే? బతికున్న మనిషిని గట్ల గుండ్రంల పెడ్తరా?"

"అమ్మా, అది ఊకె ఫ్రేమే. గోడ మంచిగ రాలేదని పెట్టిన."

"నాకు తెల్వదా? పోయినోళ్ళందరికి నువ్వు జేసేది గదే గాదా? అందరు సూసిన్రు. అందరు నమస్తే పెట్టిన్రు. ఇంగ ఏమున్నది?"

అంతమంది అనుకుంటే అది నిజమైపోతుందేమోనన్న భయం ఆమెది.   అప్పటికి నాకూ అదే భయం పట్టుకుంది. గ్రూపుల్లోంచి తీసేశాను గానీ అప్పటికే ఎంతమంది ఎన్ని చోట్లకు పంపారో. మా ఆయన అందరికీ ఫోన్లు చేసి, "అది తీసేయుండ్రి, మా మామ బతికే ఉన్నడు," అని చెబుతున్నాడు. ఆ "బతికే ఉన్నడు" అనే దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గడం నేను విన్నాను.

ఆ రాత్రి మా ఆయన, ఆయన స్నేహితులు బండ్లమీద తిరిగారు. దవాఖానలు కూడా చూసొచ్చారు. దవాఖానలో ఎక్కడెక్కడ చూశారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తెల్లారాక అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని ఉంది.

"ఇంకోటి చెయ్యి. నేను సూస్తుంట, నువ్వు చెయ్యి," అంది.

పాత పోస్టరు తెరిచి గుండ్రం మీద రెండుసార్లు నొక్కాను. అంచులు కొరికిన ఆ సగం బొమ్మే బయటికొచ్చింది, తువ్వాలను, భుజాన్ని మీట ముందే తినేసింది కదా. అందుకని దాన్ని పక్కన పడేసి, పెండ్లి ఫొటోనే మళ్ళీ ఎక్కించాను. స్క్రీన్ నిండా ఫంక్షన్ హాలు గోడ, బాపు తువ్వాల, ఆయన పొడవాటి చేతులు, కాళ్ళకు తోలు చెప్పులు, పక్కన అమ్మ. అమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"తువ్వాల లేకుంటె ఆయనను ఎవలు గుర్తువడ్తరు? నిన్న నేనే గుర్తువట్టలే," అంది. "మనిషి నిలవడేది కనవడాలె. జర ఒంగి నిలవడ్తడు సూడు, గట్ల."

"నిన్ను తీసేస్త అమ్మా. ఇద్దరుంటె ఎవలు తప్పిపోయిన్రో తెల్వదు."

"నా చెయ్యి ఆయన మీదున్నది గద. ఎట్ల తీస్తవ్?"

ప్రయత్నించాను. అమ్మను కప్పేసేట్టు నిలువు ఫ్రేము పెడితే బాపు మోచేతి మీద అమ్మ వేళ్ళు మాత్రం మిగిలాయి. ఎవరివో తెలియని వేళ్ళు. నిన్నటి ముఖం కన్నా అది ఇంకా భయంగా ఉంది. అమ్మ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"ఒద్దొద్దు. నన్నుండనియ్. ఉంటె ఏమైతది?"

ఉంచేశాను. ఏ ఆకారమూ పెట్టలేదు. మామూలు నాలుగు మూలల ఫొటో. బాపు వైపు ఒక ఎర్ర బాణం గుర్తు. వాట్సాప్‌లో తెరవకుండానే కనబడేట్టు అక్షరాలు నడిమికి తెచ్చాను. తెల్లచొక్కా కాదు, ఇప్పుడు ఖాకీ చొక్కాలో ఉన్నారని రాశాను. పైన ఏం రాయాలి? "కనబడుట లేదు" అంటే మళ్ళీ పొరబడతారేమో. మా ఆయన అన్నాడు, "బతికే ఉన్నరని రాయి. సీదాగ రాయి."

"ఈయన బతికే ఉన్నారు. దారి తప్పారు." ఈ మాటలు టైపు చెయ్యడానికి నాకు పట్టినంతసేపు ఏ పోస్టరుకూ పట్టలేదు. నాకు తెలుసా? తెలియదు. తెలియని సంగతి పెద్ద అక్షరాలతో రాసి వేలమందికి పంపబోతున్నాను. రేపు ఎవరైనా ఫోన్ చేసి ఇంకో మాట చెబితే, ఈ పోస్టరు మా అమ్మ ఎట్లా చూస్తుంది? వేలు మీట మీద పెట్టి ఆగిపోయాను. అమ్మే నా వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది.

మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. ఎవరో నల్గొండ బస్టాండులో చూశామన్నారు. మా ఆయన స్నేహితుడు ఒకతనిది అక్కడే ఉద్యోగం కాబట్టి పోయి చూశాడు, వేరే మనిషి. ఇంకెవరో ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు.  అన్నం వండాం గానీ ఎవరం తినలేదు. అమ్మ ప్రార్థన చేస్తూ మధ్యలో ఆగిపోయి గేటు వైపు చూసేది.

అప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్. ఆడమనిషి గొంతు.

"బేటీ, గా పోస్టర్‌ల నంబర్ మీదేనా? మాది కేతేపల్లికి ఇవతల రోడ్డు మీద చాయ్ హోటల్. మా ఆయనది టైర్ల పంక్చర్ షాపు, పక్కనే. మీ అబ్బా, మీ నాయిన, మా కాడ ఉన్నడు."

నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. "బాగున్నడా అమ్మా?"

"అచ్ఛా ఉన్నడు, ఫికర్ చెయ్యకు. నిన్న పొద్దుమూకే యాళ్ళకు వచ్చిండు. మా హోటల్ ముంగట రోడ్డు మీద వడ్లు ఎండబోసిన్రు రైతులు. గా వడ్ల కుప్పల కాడ కూసున్నడు. ఎవలు తాతా అంటె 'డ్యూటీల ఉన్న' అంటడు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు. పోనీ అని చాయ్ ఇచ్చిన, రొట్టె పెట్టిన. రైతులు గూడ మంచిదే, కాపలా ఉంటుండు అనుకున్నరు."

నిన్న సాయంత్రమంతా మా మేనత్త ఏడుస్తూనే ఊళ్ళో వెతికించింది. ఊరు లోపలికి ఉంటుంది. హైవే మీద ఎవరూ చూడలేదు.

"నిన్ననే పెట్టినమమ్మా ఫొటో, మీకు రాలేదా?" అని అడిగాను.



"వచ్చింది బేటీ. అబద్ధం ఎందుకు చెప్తా. పాపం ఎవరో గుజర్ గయే, సచ్చిపోయిండు అనుకుని పక్కకు జరిపిన. గా టైంల మీ అబ్బా నా ముంగట్నే మంచం మీద కూసొని చాయ్ తాగుతుండు. నాకు సమజ్ గాలె. ఇయ్యాల రెండోది వచ్చినంక తువ్వాల సూసి శక్ అయింది, గీయనేనేమో అని. ఫోన్ తీస్కపోయి సూపించిన, 'తాతా, గిది నువ్వేనా' అని. ఆయనను ఆయన గుర్తువట్టలె. 'గీయన ఎవలో నాకు తెల్వదు' అన్నడు. గని పక్కన ఆమె మీద వేలు పెట్టిండు. 'గీమె నా ఇంటామె. ఈడికెందుకొచ్చింది' అన్నడు. ఇంగ నేను నంబర్ కొట్టిన."

 అమ్మ పక్కనే నిలబడి అంతా విన్నది.  లోపలికి పోయి బాపు ఉతికిన చొక్కా, లుంగీ సంచిలో పెట్టుకొచ్చింది.

మా ఆయన బండి మీద ముందు బయల్దేరాడు. అమ్మా నేనూ సూర్యాపేట పోయే బస్సెక్కాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, టికెట్ దగ్గర కండక్టరమ్మ ఆధార్ కార్డు చూపించమంది. హడావుడిలో అమ్మది తేలేదు. అమ్మ ఏం చెప్పాలో తెలియక, "నా పెనిమిటి దొరికిండు," అంది. కండక్టరమ్మ నా ముఖం చూసి, ఏమనుకుందో, నా కార్డు చూసి ఇద్దరికీ జీరో టికెట్లే కొట్టి ముందుకు పోయింది.

దొరికాడన్న సంతోషం ఆ బస్సులో నాకు లేదు. ఎందుకో చెప్పలేను. చిట్యాల దాటేసరికి, మనం పోయేలోపు లేచి మళ్ళీ ఎటో నడిచిపోతే అన్న భయం మొదలైంది. హోటలామెకు ఫోన్ చేశాను.

"ఉన్నడా అమ్మా?"

"ఉన్నడు బేటీ. మిర్చీలు తింటుండు."

నార్కట్‌పల్లి దగ్గర మళ్ళీ చేశాను. ఉన్నాడంది. నకిరేకల్ దగ్గర చేస్తే ఎత్తలేదు.  అమ్మ నన్ను చూసి, నేను అడగకుండానే, "బేరం ఉంటది," అంది. కానీ ఆమె సంచి పట్టుకున్న పిడికిలి వదల్లేదు. హోటలామె తిరిగి ఫోన్ చేసేదాకా నేను కిటికీలోంచి రోడ్డు పక్కన నడిచే ప్రతి మగమనిషినీ చూస్తూనే ఉన్నాను.

మేము దిగేసరికి మా ఆయన రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. హోటల్ అంటే రేకుల షెడ్డు, ముందు రెండు మంచాలు. ఆ ముందు రోడ్డు సగం దాకా పసుపచ్చగా వడ్లు. ఒక మంచం మీద బాపు. ఖాకీ చొక్కా చంకల దగ్గర చెమటకు తెల్లగా ఉప్పు కట్టింది. కాళ్ళకు బొబ్బలు. ఆయనను చూడగానే నేను రోడ్డు అంచునే ఆగిపోయాను. అమ్మ మాత్రం ఆగకుండా వడ్ల పక్కనుంచి నడుచుకుంటూ పోయి ఆయన ముందు నిలబడింది.

బాపు తలెత్తి చూశాడు. ముఖంలో కోపం.

"గింత పొద్దువోయేదాంక ఏడికి వోయినవ్? సద్ది తెస్తనని చెప్పి?"

"బస్సు దొరకలె," అంది అమ్మ. తర్వాత కిందనే కూర్చుని ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని చూసింది. అప్పుడు ఏడ్చింది. హోటలామె ఒక చెంబుతో నీళ్ళు, పసుపు తెచ్చిచ్చింది. ఆమె భర్త పంక్చర్ వేస్తున్న టైరు అట్లాగే వదిలి వచ్చి మా వెనక నిలబడ్డాడు. 

బాపును లేపడం సులువు కాలేదు. వడ్లు ఎవరికి అప్పగించి రావాలన్నాడు. పక్కనే ఆ కుప్ప తాలూకు రైతు ఉంటే, ఆయన దగ్గరికొచ్చి, "నేను జూస్కుంట పెద్దాయనా, నువ్ పోయి పండుకో. మంచిగ కాసినవ్," అన్నాడు. ఆ మాట విన్నాకే బాపు తువ్వాల దులిపి భుజం మీద వేసుకుని లేచాడు. ఏ బస్సెక్కి అంతదూరం వచ్చాడో, ఎవరు ఎక్కించారో మాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, "నడుసుకుంట వచ్చిన," అంటాడు.

దొరికారని పోస్టరు చెయ్యమని కంప్యూటర్ సార్ అన్నాడు గానీ, నేను చెయ్యలేకపోయాను. గ్రూపుల్లో మామూలుగా మాటల్లో రాశాను. అయినా ఆ మొదటి పోస్టరు ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంది. వానాకాలంలో మహబూబ్‌నగర్ నుంచి మా దూరపు చుట్టం ఒకాయన, ఆలస్యంగా తెలిసిందని, పండ్లు పట్టుకుని పలకరించడానికి ఇంటికొచ్చాడు. తలుపు తీసింది బాపే. ఆయన పండ్ల సంచి అట్లాగే పట్టుకుని గడపలో నిలబడిపోయాడు. బాపు, "లోపటికి రా, ఎండల నిలవడ్డవేంది," అన్నాడు. అమ్మ నవ్వాలని చూసింది గానీ, ఆయన పోయాక లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

పోస్టర్లు చెయ్యడం నేను మానలేదు. స్కూలువి తప్పవు. పోయినవాళ్ళవి అడిగితే కూడా చేసిస్తాను, దుఃఖంలో ఉన్నవాళ్ళకు కాదని ఎట్లా అంటాం. కానీ అవి ఇంట్లో, అమ్మ ముందు చెయ్యను. పంపేముందు వాట్సాప్‌లో నాకు నేనే ఒకసారి పంపుకుని, తెరవకుండా ఎట్లా కనిపిస్తుందో చూస్తాను.

బాపు ఇంకా తగ్గిపోయాడు. గేటుకు తాళం వేస్తున్నాం. ఆయన దాన్ని పట్టుకుని, తాళం తనకే వేశారని తెలియక, లోపల ఎవరినో పెట్టి కాపలా కాస్తున్నట్టు నిలబడతాడు. నేను స్కూల్లో ఉన్నప్పుడు ఇంటి నంబరు నుంచి ఫోన్ వస్తే మొదటి రింగుకు ఎత్తలేను, చెయ్యి రాదు. రెండో రింగుకు ఎత్తుతాను. ఎక్కువసార్లు అమ్మ ఏ ఉప్పో పప్పో తెమ్మని చెప్పడానికే.

కేసు మూసేటప్పుడు ఆ కానిస్టేబుల్ ఒక మాట చెప్పాడు. "ఏ రోజు ఏసుకున్న బట్టలతోని ఆ రోజు ఒక ఫొటో తీసి పెట్టుకోమ్మా. మళ్ళ అవసరం రావొద్దు గని, ఉంటె మంచిది." అప్పట్నుంచి రోజూ స్కూలుకు పోయేముందు వరండాలో బాపును నిలబెట్టి, తల నుంచి కాళ్ళ దాకా పడేట్టు ఒక ఫొటో తీస్తున్నాను. ఆయనకు అది నచ్చదు. ముఖం పక్కకు తిప్పుకుంటాడు. "ఎవలామె, పొద్దున్నే ఫోన్ పట్టుకొని," అని అమ్మను అడుగుతాడు. అమ్మ ఆయన పక్కన నిలబడి, "మన బిడ్డనే, ఇటు సూడు," అని గదుమ పట్టుకుని నా వైపు తిప్పుతుంది. ఒక్కోసారి తిరుగుతాడు. తిరగని రోజు, బస్సుకు టైమవుతున్నా, నేను అక్కడే నిలబడి ఇంకోసారి తీస్తాను.